ఏట్లో కూర్చున్న పొలం

పెళ్ళయ్యాక ఆడపిల్ల పుట్టిల్లు వదిలి అత్తింటికి వెళ్తుంది, అది అందరికీ ఉన్నదే. నా విషయంలో ఇంకో ముచ్చట కూడా జరిగింది. నేను ఇటు వచ్చాక, అత్తింటి పొలం అటు బయల్దేరింది.

మా పుట్టిల్లు ఏటికి అవతలి ఒడ్డున, అత్తిల్లు ఇవతలి ఒడ్డున. రెంటికీ మధ్య మా అన్నయ్య పడవ నడుపుతాడు. ఏరు మా అత్తింటి దగ్గర వంపు తిరుగుతుంది. తిరగడం అంటే మర్యాదగా తిరగదు, ఇవతలి ఒడ్డును ఒరుసుకుంటూ తిరుగుతుంది. ఇంటికి కాస్త పైన మామగారి పొలం ఉండేది. వరద వచ్చిన ప్రతి ఏడూ ఆ పొలం అంచున మట్టి పెళ్ళలు పెళ్ళలుగా విరిగి నీళ్ళలో పడేది. పడిన మట్టి ఊరికే మాయమైపోదు కదా. కొంత దూరం కొట్టుకొచ్చి, నీళ్ళ వేగం తగ్గిన చోట, సరిగ్గా మా పెరటికి ఎదురుగా ఏటి నడుమ మేట వేసేది. అలా కొన్నేళ్ళకి ఒడ్డున ఉండాల్సిన పొలం లేచి వెళ్ళి ఏట్లో కూర్చుంది. కోడలు మూటగట్టి పొలాన్ని పుట్టింటికి పంపించేస్తోందని వీధిలో వాళ్ళు వేళాకోళం ఆడేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఆ వేసవి వచ్చేదాకా నవ్వాను.

ఆ ఇసుక తిన్నె ఎవరిది అనే విషయంలో రెండు ఒడ్ల వాళ్ళకీ ఎప్పట్నుంచో ఒక ఒప్పందం ఉంది. నీళ్ళు తీశాక ఏ ఒడ్డు నుంచి నడిచి వెళ్ళగలిగితే ఆ ఏడు సాగు ఆ ఒడ్డు వాళ్ళది. ఈత లెక్కలోకి రాదు, పడవ అసలే రాదు. రెండు వైపుల నుంచీ నడిచి వెళ్ళగలిగితే, తక్కువ తడిసి చేరుకున్నవాళ్ళది. తడి దాచుకుందామన్నా దాగేది కాదు కాబట్టి తగువులు వచ్చినా ఎక్కువసేపు నిలిచేవి కావు. ఇవతలి ఒడ్డున ఏటికి ఆనుకుని మిగిలింది మా ఒక్క ఇల్లే. అందుచేత ఇవతలి ఒడ్డు అంటే మేం నలుగురమే. మామగారు, అత్తగారు, మా ఆయన, నేను.

తిన్నెలు ఒకచోట కుదురుగా ఉండవు. వరద నీరు తల వైపు ఇసుకను ఎత్తి తోక వైపు దింపుతూ ఉంటుంది, అలా అవి ఏటా ఇంత చొప్పున కిందికి జరుగుతాయి. మా మామగారికి సరిగ్గా అదే మింగుడుపడలేదు. ఒకసారి పోయింది చాలదా, మళ్ళీ పోవడం దేనికని ఆయన వాదన. ముందు ఏడాది వేసవిలోనే ఎక్కడెక్కడి నుంచో రెల్లు దుబ్బులు తవ్వి తెచ్చి తిన్నె తల మీద వరసగా నాటారు. ఆ వరద ఆయన మాట విన్నది. రెల్లు వేళ్ళు ఇసుకను పట్టుకున్నాయి, పైన ఆకులు కొట్టుకొచ్చే మట్టిని పట్టుకున్నాయి. నీళ్ళు తీశాక చూద్దుం కదా, తిన్నె ఉన్నచోటే ఉంది. పైగా ఎత్తు పెరిగింది, అటూ ఇటూ ఒళ్ళు చేసింది. మామగారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. పెరట్లో నిలబడి, తప్పిపోయిన పశువు తిరిగొచ్చినట్టు దాన్నే చూస్తూ ఉండేవారు.

అత్తగారు దానికి సవతి అని పేరు పెట్టారు. పొద్దున్నే మామగారు పార భుజాన వేసుకోగానే, "సవతి దగ్గరికేనా ప్రయాణం?" అనేవారు. ఆయన మీసాల కింద నవ్వుకునేవారు. ఎన్ని చెప్పండి, అప్పటికి అది సరదాగానే ఉండేది.

వేసవి మొదట్లో ఒకరోజు నన్నూ మా ఆయన్నీ వెంట తీసుకెళ్ళారు. ఇంకొన్ని రెల్లు దుబ్బులు నాటాలట. మా ఆయన రోడ్డు మీద షెడ్డులో నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. రాగి తీగ చుట్టడం తప్ప వేరే పని ఆయన చేతికి రాదు. రెల్లు దుబ్బు నెత్తిన పెట్టుకుని నీళ్ళలో దిగేసరికి, వేళ్ళ నుంచి బురద కారి మొహమంతా చారలు పడింది. నాకు నవ్వాగలేదు. తిన్నెకి ఇటువైపు మా పాయలో నీళ్ళు మోకాళ్ళు దాటి, కాస్త పైదాకా వచ్చాయి. కిందటేడు మోకాళ్ళు కూడా తడవలేదే అని నాకు అనిపించింది. అనిపించింది కానీ, ఆ రోజు ఎండా నీళ్ళూ బాగుండటంతో దాన్ని అక్కడే వదిలేశాను.

తిన్నె ఎక్కాక మామగారు మమ్మల్ని పని చేయనిస్తే కదా. ముందు చుట్టూ తిప్పి చూపించారు. ఇదిగో ఇక్కడికి మన గట్టు, ఇక్కడ మన నిమ్మచెట్టు ఉండేది, అదిగో ఆ మూల ఎప్పుడూ చెమ్మగా ఉండే చెక్క అంటూ, పోయిన పొలాన్ని పోయినట్టే ఆ ఇసుక మీద పరిచేశారు. ఏటికి ఆ మూలా ఈ మూలా తెలుసా, ఎక్కడి మట్టి ఎక్కడ వేసిందో ఎవరు చూశారు? మా ఆయన అదే అనబోయాడు, నేను మోచేత్తో పొడిచాను. మామగారు వంగి ఇసుకలోంచి ఒక ఎర్రమట్టి గడ్డ ఏరారు. చేతిలో నలిపారు, వాసన చూశారు.

"మనదే," అన్నారు.

మనిషికి తన సొంతమని చెప్పుకోవడానికి పిడికెడు మట్టి దొరికితే ఎంత పొంగిపోతాడో ఆరోజు చూశాను. ఇంక మేం ముగ్గురం సాయంత్రం దాకా రెల్లు నాటాం. తిన్నె మిగతా భాగమంతా పుచ్చ విత్తనాలు పెట్టాం.

పుచ్చతీగలు ఇసుకంతా అల్లుకున్నాయి. మామగారు అక్కడే చిన్న పాక వేసుకున్నారు, పగలు కాపలా, మధ్యాహ్నం కునుకు. ఇంటికి కూడా తక్కువ రావడం మొదలుపెట్టారు. వచ్చినప్పుడల్లా మెడ దాకా తడిసి వచ్చేవారు. ఏమిటంటే దార్లో స్నానం చేశాననేవారు. అత్తగారు తువ్వాలు ఇస్తూ, "బట్టలతోనే చేస్తున్నారా ఈమధ్య?" అని అడిగారు. ఆయన వినపడనట్టు తల తుడుచుకున్నారు. అత్తగారు ఆ తువ్వాలు పిండి ఆరేసి, పెరటి మెట్ల మీద నిలబడి చాలాసేపు నీళ్ళకేసి చూశారు.

మా పెరటి మెట్ల దగ్గర అత్తగారి బట్టల బండ ఉండేది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆవిడ దాని మీదే బట్టలు ఉతికారు. నడుమ గుంట పడి నున్నగా అయిపోయింది. నేను వచ్చిన కొత్తలో బండ దగ్గర నీళ్ళు నిద్రపోతున్నట్టు ఉండేవి. చేతిలోంచి సబ్బు జారితే తాపీగా వంగి తీసుకోవచ్చు. ఆ వేసవిలో సబ్బు జారిందంటే ఇక నీళ్ళొదులుకోవడమే. తీసుకునేలోపు వంపు దాటిపోయేది. ఏటిలో నీళ్ళు తగ్గేకొద్దీ మా వైపు ప్రవాహం నెమ్మదించాలి. అది పోను పోను ఉరుకుతోంది.

ఒకరోజు నేను పుట్టింటికి వెళ్దామని రేవులో నిలబడితే, అన్నయ్య పడవ ఎప్పటి చోటుకి కాక బాగా కిందుగా వచ్చి ఆగింది. ఎందుకలా అంటే, "మీ వైపు ఇదివరకటి చోట పడవ నిలబడటం లేదే. లాక్కుపోతోంది," అన్నాడు. ఎక్కాక ఏటి నడుమన ఇంజను ఆపేసి, నన్ను రెండు వైపులా చూడమన్నాడు. మా మెట్ల కింద నీళ్ళు సుడులు తిరుగుతూ పరుగు తీస్తున్నాయి. తిన్నెకి అవతల, మా పుట్టింటి వైపు పాయ పలచబడి, అడుగున ఇసుక కనపడుతోంది. పిల్లలు అందులో నడుస్తూ ఆడుకుంటున్నారు.

అన్నయ్య అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. తిన్నె కదిలేటప్పుడు ఏరు దానికి అటు కొంత, ఇటు కొంత పోయేది. ఇప్పుడు తిన్నె కదలడం మానేసింది. ఎత్తు పెరిగింది, ఒళ్ళు చేసింది, ఏటికి దారి ఇరుకైంది. నీళ్ళకి దారి కావాలి కదా, మెత్తగా ఉన్న ఒడ్డును తవ్వుకుంటాయి. మెత్తగా ఉన్నది మీ ఒడ్డు. అలా తవ్విన మట్టి మళ్ళీ తిన్నె మీదే పడుతుంది, అది ఇంకా పెరుగుతుంది, ఏరు ఇంకా ఇటు ఒత్తుకుంటుంది. నీళ్ళన్నీ ఇటు వచ్చేస్తుంటే అటు పాయ పూడిపోతోంది.

"మీ మావగారు పొలాన్ని పట్టుకున్నా అనుకుంటున్నారు. ఆ పొలం మీ ఇంటిని తింటోంది," అన్నాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. అవతలి ఒడ్డు నుంచి ఇప్పుడు తిన్నెకి నడిచి వెళ్తే పాదాలు తప్ప ఏమీ తడవవు. మా పుట్టింటి వైపు వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. ఒప్పందం ప్రకారం అది వాళ్ళదే. కానీ పెద్దాయన మొహం చూసి, ఈ కాపు ఇంటికి చేరేదాకా ఎవరూ ఆ మాట ఎత్తొద్దనుకున్నారట. పుట్టింటికి వెళ్ళానన్న మాటే గానీ అమ్మ ఏం పెట్టిందో, నేనేం తిన్నానో తెలియదు.

తిరిగి వచ్చాక ఈ మాట ఇంట్లో ఎలా చెప్పడం? చెప్పేది ఎవరు, నేను. చెప్పించింది ఎవరు, అవతలి ఒడ్డు వాడు. చెప్పకపోతే ఇల్లు పోతుంది, చెబితే పుట్టింటి వాళ్ళకి తిన్నె దక్కాలని చూస్తోందంటారు. ముందు మా ఆయనతో చెప్పాను. ఆయన మోటారు విప్పి పెట్టుకుని కూర్చున్నాడు, రాగి తీగ చుట్టడం ఆపి, ఇది నువ్వు చెప్పకు, నేను చెప్తానన్నాడు. ఎప్పుడు చెప్తావంటే, సమయం చూసి అన్నాడు. మా ఆయన సమయం చూస్తూ కూర్చునే లోపల ఏరు సమయం చూడలేదు.

బట్టల బండ పోయింది. మధ్యాహ్నం అన్నాలు తింటున్నాం. పెరటి వైపు నుంచి ఏదో బరువైనది నేల మీద కూలబడిన చప్పుడు వచ్చింది, గ్లాసుల్లో నీళ్ళు కదిలాయి. పరిగెత్తి చూస్తే మెట్లు లేవు, బండ లేదు, పెరట్లో సగం లేదు. తాజాగా విరిగిన ఎర్రమట్టి గోడ, దాని కింద సుడి తిరుగుతున్న ఎర్రనీళ్ళు. అక్కడి నుంచి వంటింటి గోడకి నాలుగు అంగల దూరం కూడా లేదు. గోడ మొదట్లో అప్పటికే జుట్టంత పగులు కనిపించింది. అత్తగారు చేయి కూడా కడుక్కోలేదు. ఎంగిలి చేత్తోనే నిలబడి, బండ ఉండే చోటుకేసి చూస్తూ ఉండిపోయారు.

చప్పుడు తిన్నె దాకా వినపడినట్టుంది, మామగారు వచ్చారు. మెడ దాకా తడిసి. మా ఆయన ఇక సమయం చూడలేదు. ఇల్లు ఈ వరద ఆగదు నాన్నా, ఏదో ఒకటి చెయ్యాలన్నాడు. రాళ్ళు పోద్దామన్నారు మామగారు. ఎన్ని రాళ్ళు పోసినా అవీ నీళ్ళలోకే పోతాయి, నీళ్ళు ఇటు రాకుండా చూడాలి గానీ అన్నాడు మా ఆయన. ఎలా అన్నారు మామగారు. మా ఆయన నావైపు చూశాడు. ఇంక నేనే అన్నాను.

"మావయ్యా, తిన్నె మీద రెల్లు తీసేస్తే నీళ్ళు మళ్ళీ అటు కూడా పోతాయి."

ఆయన నావైపు తిరిగారు. కోపం లేదు మొహంలో. కోపం ఉంటే బాగుండేది.

"మీ అన్నయ్య చెప్పాడా?"

"అన్నయ్య చెప్పాడు. నేనూ చూశాను."

"నువ్వు చూసేది అటు నుంచే కదమ్మా," అన్నారు.

ఎన్నేళ్ళు వండి పెట్టాను ఆ మనిషికి. జ్వరం వస్తే కాళ్ళు పట్టాను. ఒక్క మాటతో నన్ను పడవెక్కించి అవతలి ఒడ్డున దింపేశారు. ఏడుపు వచ్చింది, ఒళ్ళు మండింది కూడా. ఆయన మాత్రం అక్కడితో ఆగలేదు. ఇల్లు పోతే మళ్ళీ కట్టుకోవచ్చు, షెడ్డు పక్కన జాగా ఉంది, ఇటుకలు దొరుకుతాయి. పొలం పోతే ఎవడు కట్టిస్తాడు అన్నారు. అని, తువ్వాలు కూడా తీసుకోకుండా మళ్ళీ నీళ్ళలోకి దిగి వెళ్ళిపోయారు. అత్తగారు ఆ మాట విన్నారు. లోపలికి వచ్చి, మిగిలిన అన్నం మీద మూత పెట్టి, వంటింటి గోడ పగులు మీద అరచేయి ఆనించి చూశారు. ఆ రోజు తర్వాత చాన్నాళ్ళు ఆవిడ నోట సవతి అన్న మాట రాలేదు.

పుచ్చకాయలు కోతకొచ్చాయి. చెప్పకూడదు గానీ, అంత తియ్యటి కాయలు నేను మళ్ళీ తినలేదు. అన్నయ్య పడవలో సంతకి చేరవేశాం. వీధిలో వాళ్ళంతా మామగారిని పొగిడారు. ఆయన కూడా నవ్వుతూనే ఉన్నారు, నాతో మాత్రం ఒకటి రెండు ముక్కలకి మించి మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నాకూ ఆత్మాభిమానం ఉంది.

కాపు అయిపోయాక, పైన ఎక్కడో వానలు మొదలైనట్టు ఏటి నీళ్ళ రంగు మారింది. ఆ పొద్దున అత్తగారు నన్ను పిలిచి, "తిన్నె దాకా వెళ్దాం పద," అన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆవిడ ఏనాడూ దాని మీద కాలు పెట్టలేదు. మన వైపు దిగలేం అత్తయ్యా, మెడ లోతు పైనే ఉంది, లాగేస్తుంది అన్నాను. "మీ వైపు నుంచి వెళ్దాం," అన్నారు.

అన్నయ్య పడవలో అవతలి ఒడ్డుకి దాటాం. అక్కడ దిగి, చెప్పులు చేతిలో పట్టుకుని అటు పాయలో నడిచాం. అన్నయ్య చెప్పింది నిజమే. చీలమండలు కూడా పూర్తిగా మునగలేదు. అడుగున ఇసుక గట్టిగా, వీధిలో నడిచినట్టే ఉంది. అత్తగారు రెండుసార్లు ఆగి, వెనక్కి తిరిగి ఒడ్డునీ, ముందున్న తిన్నెనీ చూసుకున్నారు. మూడోసారి ఆగి నా భుజం పట్టుకున్నారు. ఎందుకో నాకు అర్థమైంది. ఇంత దగ్గరగా ఉందా అని ఆవిడ బాధ.

తిన్నె తల దగ్గరకి వెళ్ళి ఆవిడ నడుం వంచి ఒక రెల్లు దుబ్బు పట్టుకుని లాగడం మొదలుపెట్టారు. రెల్లు ఊరికే వస్తుందా? అరచేతులు కోసుకున్నాయి. నేను వద్దన్నాను, వినలేదు. సరేనని నేనూ పట్టుకున్నాను. ఇద్దరం కలిసి లాగితే ఆకులు చేతికొచ్చాయి, దుబ్బు మాత్రం కదల్లేదు.

పాకలోంచి మామగారు వచ్చారు. మమ్మల్ని చూసి ముందు ఆశ్చర్యపోయారు, తర్వాత మొహం గంటు పెట్టుకున్నారు.

"ఏం చేస్తున్నావు?" అని అత్తగారిని అడిగారు.

"ఏం చేస్తున్నానో కాదు. ఎలా వచ్చానో అడగండి."

ఆయన అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది. ఆయన కళ్ళు కిందికి దిగి అత్తగారి పాదాల దగ్గర ఆగాయి. పాదాలకి తడి ఇసుక అంటుకుని ఉంది. ఆ పైన, చీర అంచు దగ్గర్నుంచి అంతా పొడి. ఎదురుగా దండెం మీద ఆయన బట్టల్లోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. ఆ మనిషి మా పాయని రోజూ ఈదుతూ కూడా అవతలి పాయ వైపు ఒక్కసారైనా నడిచి చూడలేదని నాకు అప్పుడు తెలిసింది. చూస్తే ఒప్పుకోవాలి మరి.

తర్వాత అత్తగారు మెల్లగా, ఇల్లు ఎక్కడైనా కట్టుకోవచ్చన్నారు కదా, నిజమే అన్నారు. మీరు నాకు తోడుగా వస్తానంటే ఆ షెడ్డు పక్కనే కాదు, ఎక్కడికైనా వస్తానన్నారు. కానీ మీరు దీన్ని వదిలి రారు, నాకు తెలుసు అన్నారు. అని మళ్ళీ వంగి దుబ్బు పట్టుకున్నారు. ఆవిడ చేతుల్లోంచి రక్తం కారి రెల్లు మొదట్లో పడింది.

మామగారు చూస్తూ నిలబడ్డారు. ఆఖరికి పాకలోకి వెళ్ళి పార తెచ్చారు.

"చేత్తో రాదు. వేరు లోతుగా ఉంటుంది. నువ్వు లే," అన్నారు.

ఆవిడ్ని పక్కకి జరిపి, తాను నాటిన దుబ్బుని తానే తవ్వారు. మొదటిది తవ్వేటప్పుడు ఆయన మొహం చూడలేక నేను ఏటి వైపు తిరిగాను. రెండో దుబ్బు దగ్గరకి వచ్చేసరికి ఆయన చేతికి పని అలవాటైంది. వేళ్ళు తెగకుండా, మట్టి గడ్డతో సహా పైకి లేపి, వరసగా నీడలో పెట్టడం మొదలుపెట్టారు. పారేసే వాటికి అంత జాగ్రత్త దేనికో నాకు అర్థం కాలేదు. అడిగితే చెప్పారు. ఇసుకనే పట్టుకుని నిలబెట్టిన రెల్లు, మన ఒడ్డును పట్టుకోలేదా అన్నారు. నాతో అన్ని ముక్కలు మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

మర్నాటి నుంచి మా ఆయన షెడ్డు మూసేసి వచ్చాడు. అన్నయ్య తన పడవ తెచ్చాడు. అవతలి ఒడ్డు వాళ్ళు ఏమంటారోనని నాకు భయంగా ఉండేది, తిన్నె వాళ్ళదయ్యాక రెల్లు మేమెలా తీస్తాం? వాళ్ళు పెద్ద మనసు చేసుకున్నారు. తిన్నె మాది, రెల్లు ఆయనది, పట్టుకెళ్ళనీ అన్నారు. రెల్లు లేకపోతే తిన్నె నిలవదు కదా అని అన్నయ్య గుర్తుచేస్తే, నిలవకపోతే పోనీ, వచ్చే ఏడు ఎవరి వైపు తేలుతుందో చూద్దాం, ఎప్పుడూ అలాగే కదా బతికాం అన్నారట. పైగా ఇద్దరు ముగ్గురు పారలు తీసుకుని సాయం వచ్చారు. పడవ నిండా రెల్లు వేసుకుని తెచ్చి, మా ఇంటి కింద విరిగిన ఒడ్డు మొదట్లో నీటి అంచు పొడుగునా నాటాం. పై నుంచి మామగారు చెప్పడం, కింద బురదలో మేం నాటడం. మా ఆయన మొహం నిండా మళ్ళీ చారలు పడ్డాయి. ఈసారి అత్తగారు నవ్వారు.

వరద వచ్చింది. ఆ ఏడు వచ్చిన వరద మామూలుది కాదు. వంటింట్లోని గిన్నెలూ డబ్బాలూ ముందు గదిలోకి మోసుకొచ్చుకున్నాం. రెండో రోజు పగలే, అందరం చూస్తుండగా వంటిల్లు పోయింది. ముందు పగులు నోరు తెరిచింది, గోడ బయటికి వంగింది, పైకప్పు దాని వెనకే వెళ్ళింది. అత్తగారి పొయ్యి ఉన్న మూల ఒక క్షణం గాల్లో నిలబడి, తర్వాత అదీ పోయింది. ఆవిడ కొంగులో మొహం దాచుకుని ఏడ్చారు. మామగారు ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నారు. ఆవిడ చేయి పట్టుకున్నారు. ఇక నడిమి గది వంతు అనుకున్నాం. సామాన్లు వీధిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాం.

నడిమి గది పోలేదు. సాయంత్రానికి ఏటి నడుమ నీళ్ళ ఉబ్బు కనపడింది. తిన్నె ఉన్నచోట అలలు లేచి, ఒకటే మట్టిరంగు నురగ. మామగారి పాక గడ్డి తేలుతూ వంపు దాటిపోయింది. ఆయన లేచి నిలబడి, అది కనపడకుండా పోయేదాకా చూశారు. ఏరు మళ్ళీ రెండు దార్లు పట్టింది.

నీళ్ళు తీశాక ఏటి నడుమ ఏమీ లేదు. చదునుగా, ఖాళీగా, ఎండలో మెరుస్తున్న నీళ్ళు. తిన్నె చాలా కిందుగా వెళ్ళి, మేం ఎవరమూ సాగు చేయలేనంత దూరంలో తేలిందని అన్నయ్య చెప్పాడు. మా రెల్లులో సగం కొట్టుకుపోయింది. మిగిలిన సగం బురదలో పడుకుని ఉంది గానీ, మొదళ్ళలో పచ్చగా చిగుళ్ళు వేస్తోంది. అత్తగారు ముందు గదిలో ఓ మూల పొయ్యి పెట్టుకున్నారు. పొగ వీధిలోకి పోతుంటే, ఊరందరికీ మనింట్లో ఏం వండామో తెలిసిపోతోందని విసుక్కునేవారు.

ఒక పొద్దున మామగారు పెరట్లోంచి దిగి రెల్లు మధ్య కూర్చుని ఉన్నారు. చాలాసేపైనా పైకి రాలేదు. టీ చల్లారిపోతోంది, వెళ్ళి పిలుచుకు రమ్మని అత్తగారు నన్ను పంపారు. జారుకుంటూ దిగి వెళ్తే, దుబ్బుల మొదట్లో కొత్తగా ఇంత మేట పడి ఉంది. రెండు చాపల వెడల్పు ఉంటుందేమో. ఆయన పిడికెడు తీసి నా చేతిలో పోశారు.

"చూడమ్మా. ఇది మనదా, మీ వైపుదా?"

ఎగతాళికి అడగలేదు. నిజంగానే అడిగారు. నేను ఆయన చేసినట్టే నలిపి చూశాను, వాసన చూశాను. తడి ఇసుక, బురద, కుళ్ళిన ఆకులు. ఏ ఒడ్డు వాసనా లేదు అందులో.

"ఏటిది, మావయ్యా," అన్నాను.

ఆయన తల ఊపారు. నా చేతిలో మట్టిని మళ్ళీ తన చేతిలోకి తీసుకుని, ఒక దుబ్బు మొదట్లో పోసి అరచేత్తో అదిమారు.

"మీ అత్తతో మాత్రం మనదేనని చెప్పు," అన్నారు.

పైకి వచ్చి చెప్పాను. అత్తగారు పొయ్యి ఊదుతున్నారు, కళ్ళలోకి పొగ పోతోంది. నా మాట విని ఊదడం ఆపారు. చేతుల మీద రెల్లు కోసిన గీతల మచ్చలు ఇంకా పోలేదు. వెనక్కి తిరక్కుండానే, "అయితే సవతి ఇల్లు చేరిందన్నమాట," అన్నారు. తర్వాత గ్లాసులు తీస్తూ అన్నారు.

"కాళ్ళు కడుక్కుని పైకి రమ్మను. ఇద్దరినీ."